అమ్మమ్మ పాట మింగిన కంప్యూటరు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువు చెడిపోయినా దానికో ముద్దాయి దొరకాలి. మిక్సీ కాలిపోతే అమ్మ, టీవీలో బొమ్మ రాకపోతే నేను, నీళ్ళ మోటారు ఆగిపోతే ఎదురింటివాళ్ళు. వస్తువుకి కూడా వయసైపోతుంది, దాని టైమొచ్చి అది పోతుంది అనే ఆలోచన మా వంశంలో ఎవరికీ తట్టలేదు. అందుకే మా ముసలి కంప్యూటరు కేసులో ఇన్నేళ్ళుగా నేనే ముద్దాయిని. మా చుట్టాల్లో ఎవరి నిశ్చితార్థానికెళ్ళినా సరే, భోజనాలయ్యి ఐస్‌క్రీం కప్పులు చేతికొచ్చే వేళకి మా ఆయన గొంతు సవరించుకుంటాడు. "మా ఆవిడ అప్పట్లో పెద్ద కంప్యూటర్ ఎక్స్‌పర్టండీ. ఫ్లాపీ అందులోనే పెట్టి మర్చిపోయి, కంప్యూటరు పోయిందని ఊరు ఊరంతా పరిగెత్తించింది." అందరూ నవ్వుతారు. మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ హాల్లో కూడా నవ్వారు. అక్కడ నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ నా మోకాలి మీద తట్టి, "పోనీలేమ్మా, వయసులో ఉన్నప్పుడు ఎవరికైనా మరుపే" అని ఓదార్చింది. నాకు కావలసింది ఓదార్పు కాదు, రీ-ట్రయలు. మా ఆయన చెప్పే కథలో నిజం ఒక్కటే: ఫ్లాపీ అందులో ఉంది. మిగతాదంతా ఆయన తన పీక మీదికి రాకుండా అల్లుకున్నది. (అల్లిక మా ఇంటి విద్యేలెండి, చెబుతా.)

ముందు ఆ కంప్యూటరు సంగతి. నాన్న ఆఫీసులో మూలన పడేసినదాన్ని వేలం వేస్తే, కూతురు డిగ్రీ అయ్యాక తెలుగు టైపు నేర్చుకుంది కదా, ఇంట్లోనే పని చేసుకుంటుందని పాడుకొచ్చారు. మా ఇంటికొచ్చేనాటికే అది రిటైరైన ఉద్యోగి. స్విచ్ వేస్తే ముందు మూలిగేది, తరవాత దగ్గేది, ఆ తరవాత నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు ఒక్కొక్కటే బద్ధకంగా లేచి కూర్చునేవి. మేం ఈలోగా కాఫీలు తాగి గ్లాసులు కడిగేసుకునేవాళ్ళం. మా అమ్మకి లేసు అల్లే పిచ్చి. టీవీకి, రేడియోకి, మంచినీళ్ళ కూజాకి, ఆఖరికి నాన్న గడియారం డబ్బాకి కూడా ఆవిడ అల్లిన లేసు గుడ్డ ఉండాల్సిందే. కంప్యూటరు పెట్టె కింద, తెర పైన, రెంటికీ మధ్య లేసు. దాని ముందు కుచ్చు జానెడు పొడుగున వేలాడుతూ ఉండేది. ఫ్లాపీ పెట్టే సందు సరిగ్గా ఆ కుచ్చు వెనకాల. (ఈ కాలం పిల్లలకి చెప్పాలి: ఫ్లాపీ అంటే అరచేతిలో పట్టే నల్లటి పలుచని బిళ్ళ. మనం కొట్టిన అక్షరాలు దాంట్లో ఒక కాపీ దాచుకునేవాళ్ళం.) పెళ్ళికూతురి ముసుగెత్తినట్టు ఆ కుచ్చెత్తి, బిళ్ళ లోపలికి తోసి, పనయ్యాక బయటికి తీసి, ముసుగు మళ్ళీ దించాలి. కుచ్చు కొంచెం నలిగినా అమ్మ ఊరుకునేది కాదు.

ఆ ఏడే అమ్మమ్మ ఉయ్యూరు నుంచి భవానీపురం మా ఇంటికొచ్చింది. కంటి ఆపరేషనుకని వచ్చి, అది కాగానే గుండె బలహీనంగా ఉందని డాక్టరనడంతో ఇక్కడే ఉండిపోయింది. ముందుగదిలో నవ్వారు మంచం, మంచం పక్కన కంప్యూటరు, మధ్యలో నీలగిరి తైలం వాసన. (మోకాళ్ళకి రాసుకునేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, ఎవరైనా చుట్టాలొచ్చినప్పుడు.) అమ్మమ్మకి చదువు రాదు, సంతకానికి వేలిముద్రే. కానీ నాట్లేసేటప్పుడు, చెరుకు కొట్టేటప్పుడు, ఆదివారం సాయంత్రం ఆడవాళ్ళ ప్రార్థన కూడికలోనూ తను కట్టి పాడిన పాటలు ఆ చుట్టుపక్కల ఎంతమందికో వచ్చు. "కాలవ నీళ్ళే చాలు చేలకి, కంటి నీళ్ళు కలపమాకే పిల్లా" అని ఒకటి. దేవుడి పాటకి కూడా నాట్ల పాట రాగమే కట్టేది. పాస్టరు గారు మొహమాటపడేవారు, కూడికలో జనం మాత్రం ఆ పాటకే చప్పట్లు గట్టిగా కొట్టేవాళ్ళు. ఈ పాటలన్నీ చిన్న పుస్తకం వేయించి ఆవిడ చేతిలో పెట్టాలని పెదమావయ్య కోరిక. టైపు చేసే పని నాది.

అమ్మమ్మ చెప్పేది, నేను కొట్టేదాన్ని. చెప్పడమంటే మామూలుగా చెప్పలేదు, పాడాల్సిందే, మధ్యలో ఆపి "ఏమన్నావమ్మమ్మా?" అంటే మళ్ళీ పల్లవి నుంచి మొదలు. పాటయ్యాక నేను ఫ్లాపీలోకి ఎక్కించేదాన్ని. ఆ బిళ్ళ లోపలికి తోయడం మాత్రం ఆవిడే చెయ్యాలి. కుచ్చెత్తి తడుముకుని, "టక్కు"న తోసి, "మింగింది" అనేది తృప్తిగా, పసిపిల్లకి ఆఖరి ముద్ద పెట్టినట్టు. "పాట ఇందులోకెళ్ళిపోయింది అమ్మమ్మా" అనేదాన్ని నేను. అంతకంటే వివరంగా చెప్పే ఓపిక నాకుంటేగా.

ఆవిడ పాటల్లో ఒక పద్ధతి ఉంది. ఒక్కో పాటలో ఇంట్లోవాళ్ళ పేరు ఒకటి దాచిపెట్టేది. నాట్లలో పక్కన వంగి ఉన్నవాళ్ళ పేరు కలిపి పాడటం అలవాటు కదా, అదే. పెదమావయ్య పేరుంది, అమ్మ పేరుంది, అత్తయ్య పేరైతే రెండు పాటల్లో ఉంది (ఒకదాంట్లో తిట్టు). ఆఖరికి పెదమావయ్య కొడుకు, మా ఇంట్లో ఉండి కంప్యూటర్ కోర్సు వెలగబెడుతున్న బావ పేరు కూడా ఉంది. నా పేరు లేదు. నేనూరుకుంటానా?

"అందరి పేర్లూ పెట్టావు. కొట్టేది నేను, నా పేరేదీ?"

"ఆగవే. వస్తది."

"ఎప్పుడొస్తది? ఇంక ఒక్క పాటేగా ఉందన్నావు?"

"అందుకే ఆగమన్నా."

ఆ ఒక్కటీ ఆవిడ చావు పాట. తనని మట్టికి తీసుకెళ్ళే రోజున పాడాలని తనే కట్టుకుంది. ఎవరికీ వినిపించలేదు, బతికుండగా పదిమందిలో పాడితే బాగోదంది. "నన్ను మట్టి చేసేటప్పుడు చర్చి పుస్తకంలో పాటలు వద్దు, నాదే పాడాలి" అని పెదమావయ్య దగ్గర మాట తీసుకుంది. ఇంకో షరతు కూడా పెట్టింది: "ఆ పాటని మిగతావాటితో కలపమాకు, దానికి వేరే బిళ్ళ పెట్టు." సరేనని పేరు కూడా రాయని కొత్త ఫ్లాపీ ఒకటి విడిగా, కంప్యూటరు పక్కనే పెట్టాను. పెట్టిన మర్నాడు నాకు బెంజ్ సర్కిల్ దగ్గర డీటీపీ సెంటర్లో అర్జెంటు పెళ్ళి కార్డులు. పొద్దున్నే వెళ్ళి చీకటిపడ్డాక వచ్చాను, ఇంట్లో కంప్యూటరు ముట్టుకోలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మా ఆయన ఎప్పుడూ చెప్పడు.

ఆ మర్నాడు పొద్దున స్విచ్ వేశాను. మూలిగింది. దగ్గింది. తరవాత అక్షరాలు రావలసిన చోట ఒకే ఒక్క ముక్క వచ్చి నిలబడింది: నాన్ సిస్టమ్ డిస్క్ ఆర్ డిస్క్ ఎర్రర్, రీప్లేస్ అండ్ స్ట్రైక్ ఎనీ కీ వెన్ రెడీ. ఆపి వేశాను, అదే. మళ్ళీ ఆపి వేశాను, అదే. అప్పుడు బావని పిలిచాను. జీవితంలో నేను చేసిన పొరపాట్ల వరసలో దీనికి మంచి స్థానమే ఉంది. బావ చదివే ఇన్‌స్టిట్యూట్‌లో విద్యార్థులు ఎక్కువ, కంప్యూటర్లు తక్కువ. అందుకని వాళ్ళకి కంప్యూటరంటే ఏమిటో డెఫినిషన్లు బట్టీ పట్టించేవాళ్ళు గానీ దాన్ని తాకనిచ్చేవాళ్ళు కాదు. చెప్పులు బయట వదిలి, చేతులు కట్టుకుని చూసి రావడమే. అటువంటి పండితుడు మా కుర్చీలో కూర్చుని, ముక్కు పట్టుకుని ఆలోచించి, "స్ట్రైక్ అంటోంది. కొట్టమంటోంది" అన్నాడు. కొట్టాడు. మళ్ళీ అదే ముక్క వచ్చింది. "గట్టిగా కొట్టాలేమో" అన్నాడు. మా కీబోర్డు మీద ఒక అక్షరం ఆ రోజు నుంచే వంకర.

"ఏదో రీప్లేస్ చెయ్యమంటోంది కదా బావా, ఏది?" అన్నాను.

"డిస్క్ ఎర్రర్ అని రాసుందిగా, కనపట్టంలా? హార్డ్ డిస్క్. కంప్యూటర్ గుండెకాయ అది. దాన్నే మార్చమంటోంది. పోయింది."

"పోయింది" అన్న మాట మా ఇంట్లో ఆ పూట మొదటిసారి వినబడింది. తరవాత ఎంతమంది నోట ఎన్నిసార్లు వినబడిందో లెక్కలేదు. పక్కింటి కరెంటాఫీసు అంకుల్ టెస్టర్ పట్టుకుని వచ్చారు. ప్లగ్గు ఊడదీసి చూసి, మళ్ళీ పెట్టి, ఎర్తింగ్ సరిగా లేదని, నాన్న ఇల్లు కట్టించినప్పటి మేస్త్రీని ఆ మేస్త్రీ తండ్రితో సహా తిట్టి, "లైనులో దోషం లేదమ్మా, మిషనే పోయింది" అని తేల్చారు. వేడెక్కిందేమోనని అమ్మ టేబుల్ ఫ్యాను పెట్టింది. ఫ్యానుకి కుచ్చు ఎగిరిపోతోందని తనే వచ్చి కుచ్చు చివరన రెండు పిన్నీసులు పెట్టి కింది లేసుకి బిగించింది. (అంటే చూడండి, సందు మీద తలుపు మూసి గడియ వేసింది. ఈ ముక్క కూడా మా ఆయన చెప్పడు, అత్తగారి మీదికి పోతుందని.) అమ్మమ్మ ఆరోగ్యం కోసం ప్రార్థన చెయ్యడానికి పాస్టరు గారొస్తే, అమ్మ నెమ్మదిగా "అయ్యగారూ, దానికి కూడా ఒక ముక్క..." అంది. ఆయన మంచివారు, కాదనలేదు. "ప్రభువా, ఈ యంత్రమును కూడా జ్ఞాపకము చేసికొనుము" అన్నారు. మేమందరం ఆమెన్ అన్నాం. నాన్ సిస్టమ్ డిస్క్ ఆర్ డిస్క్ ఎర్రర్ అంది అది.

మీరడగబోయేది నాకు తెలుసు. తెలుగు టైపు నేర్చినదానివి, నువ్వెందుకు ఆ సందులో చూడలేదూ అని. ఎందుకు చూస్తాను? నేను ఏ రోజూ ఫ్లాపీ అందులో వదల్లేదు. పాటల ఫ్లాపీ రేకు డబ్బాలో భద్రంగా ఉంది, కళ్ళతో చూశాను కూడా. బీరువాలో చీర ఉందని తెలిసినవాళ్ళు బావిలో వెతుకుతారా? పాటల ఫ్లాపీ ఉంటే చాలదా అంటారేమో, అది చదవడానికి తెలుగు అక్షరాలున్న మిషను కావాలి, సెంటర్లో ఉన్న అక్షరాలు వేరు, మా ఇంటి అక్షరాలు వేరు. ఆ రోజుల్లో ఏ కంప్యూటరు తెలుగు దానిదే. ఒకచోట "అమ్మ" అని కొట్టింది ఇంకోచోట పెడితే ఇంగ్లీషు తిట్లలా కనబడేది. అన్నిటికంటే ముందు అమ్మమ్మ ఆఖరి పాట ఇంకా కొట్టవలసి ఉంది. ఆవిడ ఆయాసం చూస్తుంటే పుస్తకం ఎక్కువ రోజులు ఆగేటట్టు లేదు. అది ఎవరూ పైకి అనలేదు. అందరం కంప్యూటరు గురించే మాట్లాడుకున్నాం.

ఇక బావ ఘనకార్యం. పుస్తకం ఆలస్యమవుతుందని ఉయ్యూరులో వాళ్ళ నాన్నకి, అంటే మా పెదమావయ్యకి, చెప్పాలని మెయిన్ రోడ్డు మీద ఎస్టీడీ బూతుకెళ్ళాడు. మావయ్యవాళ్ళ ఇంట్లో ఫోను లేదు, పక్కన కిరాణా కొట్టుకి చేస్తే వాళ్ళు కబురు చెప్పేవాళ్ళు. బూతు బయట లారీలు, లోపల బావ. "నానమ్మ పాటల మిషను పోయిందని మా నాన్నకి చెప్పండి అన్నాను" అని ఇప్పటికీ ప్రమాణం చేస్తాడు. అవతల కొట్టాయన చెవికి చేరింది "నానమ్మ" ఒకటి, "పోయింది" ఒకటి. మధ్యలో మిషను మీద లారీ పోయింది. పైగా ఆయన "అయ్యో, ఎప్పుడు బాబూ?" అని అడిగితే మా పండితుడు "ఇవాళ పొద్దున్నేనండీ, అందరం చూశాం, ఇంక చేసేదేం లేదన్నారు" అన్నాడు. తప్పు బావది ఒక్కడిదే కాదనుకోండి, మన భాషది కూడా. మగాడు పోతే పోయాడంటాం. ఆడది పోయినా పోయిందే, కుక్కర్ రబ్బరు పోయినా పోయిందే. వ్యాకరణం రాసిన మగాళ్ళకి ఆ రెంటికీ తేడా కనబడలేదు కాబోలు.

మధ్యాహ్నానికి మా వీధిలో ఆటోలు వరసగా ఆగాయి. అమ్మమ్మ ముందుగదిలో మంచం మీద కూర్చుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, పెరుగన్నంలో మాగాయ టెంక చీకుతోంది. వాకిట్లోంచి అత్తయ్య గొంతు లేచింది. "అత్తా! నన్నొదిలి ఎట్లా పోయావే అత్తా! నా తల్లికంటే ఎక్కువ చూశావే అత్తా!" వెనకాల పెదమావయ్య, ఆయన చేతిలో బంతిపూల దండ, ఆ వెనకాల చెరుకు కొట్టే ఆడవాళ్ళు. అత్తయ్య తల బాదుకుంటూ గుమ్మంలోకొచ్చి, తలెత్తి, టెంకతో సహా అత్తగారిని చూసి, గుమ్మం మీదే కూలబడిపోయింది.

అమ్మమ్మ తాపీగా టెంక పళ్ళెంలో పెట్టింది. "ఏమే, ఇంటికాడ నుంచే మొదలెట్టావా, ఆటో దిగినాక మొదలెట్టావా?"

అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంది.

"తల్లికంటే ఎక్కువ చూశానా? మరి మొన్న సంక్రాంతి... కాదు, మొన్న కోతలప్పుడు అట్టా అన్లేదే నువ్వు. సరేలే, రాగం బాగుంది. రెండో లైను కాడ కొంచెం దిగాల."

జనం ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశారు. వచ్చినవాళ్ళలో సగంమంది అప్పటికే గొంతు సవరించుకుని సిద్ధపడి వచ్చారు కాబట్టి, ఆవిడ బతికుందన్న సంతోషానికి కూడా అదే ఏడుపు ఏడ్చారు. సరిగ్గా అప్పుడే, మేం కబురు మీద కబురు పెట్టిన మెకానిక్ స్కూటరు మీద సంచీతో వచ్చాడట. గేటు బయట చెప్పుల గుట్ట చూశాడు, లోపల ఏడుపు విన్నాడు, కరెంటాఫీసు అంకుల్‌ని చూసి గొంతు తగ్గించి "ఇట్లాంటప్పుడు మిషను గురించి మాట్లాడితే బాగోదండీ, కార్యక్రమాలయ్యాక వస్తాను" అని వెళ్ళిపోయాడు. అంకుల్ ఆ విషయం మాకు సాయంత్రం చెప్పారు, కాఫీ తాగుతూ. మంచి మనిషి, మర్యాదస్థుడు ఆ మెకానిక్. ఆ ఒక్క పూట కొంచెం మర్యాద తక్కువైనా బాగుండేది.

లోపల పెదమావయ్య వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, దండ అట్లాగే చేతిలో పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. "దోవంతా అదే అనుకుంటా వచ్చానే అమ్మా. నీ పాట చెప్పకుండా పోయావు, ఇప్పుడేం పాడాలిరా దేవుడా అని."

"చెప్పేశాగా" అంది అమ్మమ్మ. "అందులో ఉంది. దండ తెచ్చావుగా, ఇప్పుడు పోయింది అదేగా, దానికెయ్యి. ఎండబెట్టటం దేనికి?"

మావయ్య అమ్మ మాట ఎన్నడూ జవదాటలేదు. లేచి దండ కంప్యూటరు తెర మీద వేశాడు. లేసు ముసుగు, పిన్నీసులు, పైన బంతిపూలు. ఆ వైభవం చూసి అందరూ ఇంకాస్త నవ్వారు. నేను నవ్వలేదు. నాకు అక్కడొక పాయింటు దొరికింది.

"ఎప్పుడు చెప్పావు? నువ్వు కాలవ పాట దాకానే చెప్పావు. ఆఖరిది నాకు చెప్పలేదు."

"నీకెందుకు చెబుతా? ఏడుస్తావు."

"మరెవరికి చెప్పావు?"

"దానికే చెప్పా."

"దానికి చెప్పడమేంటి అమ్మమ్మా? దానికి చెవుల్లేవు. నేను కొడితేనే దాంట్లోకెళ్తుంది. కొట్టకుండా వెళ్ళదు."

"దానికి లేవు సరే. నీకున్నయ్యిగా, నువ్వేం విన్నావు?"

అందరూ నా మీద నవ్వారు. నేను ఓడిపోయి ఊరుకునే రకం కాదు. కీబోర్డు చూపించి, తీగ చూపించి, అక్షరం ఎటు నుంచి ఎటు వెళ్తుందో లాయరులా వివరించాను. ఆవిడ కళ్ళద్దాల వెనక నుంచి ఓపిగ్గా విని, చివర్న, "సరేలే. బాగయ్యాక అందులో చూసుకో, నీదీ ఉంది" అని పడుకుంది. ముసలితనం, మతి తప్పుతోంది అనుకున్నాం. మళ్ళీ అడిగితే "చెప్పిన పాట ఇంకోసారి చెప్పను, అది అట్టాంటి పాట కాదు" అని గోడవైపు తిరిగేది. ఎవరూ పోలేదని మేం పెట్టిన కబురు అందక మెకానిక్ కార్యక్రమాలయ్యే రోజు కోసం ఎదురుచూస్తున్నాడు. మేం మెకానిక్ కోసం ఎదురుచూస్తున్నాం. ఆ వారం దాటకుండానే, ఒక పొద్దున అమ్మ కాఫీ తీసుకెళ్ళేసరికి అమ్మమ్మ పోయింది.

బావ మళ్ళీ అదే బూతుకెళ్ళాడు. ఈసారి కొట్టాయన నమ్మలేదు. "సరిగ్గా చెప్పు బాబూ, ఎవరు?" అని రెండుసార్లు అడిగాడట. ఉయ్యూరులో సమాధుల తోటలో, పక్కనే చెరుకు తోట గాలికి గరగరమంటుంటే, పెట్టె దించే ముందు పాస్టరు గారు తలెత్తి, "అమ్మగారు సొంతంగా కట్టుకున్న పాట ఏదో ఉందన్నారు?" అని అడిగారు. మావయ్య నావైపు చూశాడు. ఆయన చూశాడని అందరూ చూశారు. పాటలన్నీ కొట్టినదాన్ని నేనే కదా. జీవితంలో మొదటిసారి అడిగినదానికి తల అడ్డంగా ఊపాను. ఎవరో చర్చి పాటల పుస్తకంలోంచి అందరికీ వచ్చిన పాట ఎత్తుకున్నారు. ఆవిడ వద్దన్నదే.

ఇంటికొచ్చాక చావు మైలని, మనకి లేదంటారు గానీ, అమ్మ ఇంట్లో గుడ్డలన్నీ ఉతికింది. దుప్పట్లు, కర్టెన్లు, చివరికి లేసులు. ఎండిపోయిన బంతి దండ తీసి, పిన్నీసులు తీసి, కంప్యూటరు మీది గుడ్డ లాగింది. వెనకాల సందులో ఫ్లాపీ. బయటికి నెట్టే బొత్తాం ముందుకు పొడుచుకొచ్చి, నాలుక చాపినట్టు వెక్కిరిస్తూ ఉంది. బావ పరిగెత్తుకొచ్చి నొక్కాడు. ఊడొచ్చింది. స్విచ్ వేశాడు. మూలిగింది, దగ్గింది, లేచి కూర్చుంది. హార్డ్ డిస్క్‌కి ఏమీ కాలేదు, గుండెకాయ గుండెకాయలాగే ఉంది. ఫ్లాపీ లోపలుంటే ఆ కాలం మిషన్లు ముందు దాన్నే అడిగేవి, అందులో తమకి కావలసింది లేకపోతే మొరాయించేవి. అంతే జబ్బు. "చూశారా! ఇదే పెట్టి మర్చిపోయింది!" అన్నాడు బావ నన్ను చూపించి. ఆ క్షణం నుంచే ఆ కథ చలామణీలోకి వచ్చింది. తరవాత నాకు ఆయనతోనే పెళ్ళి చేశారు కాబట్టి, అప్పీలుకి పోదామంటే జడ్జీ కూడా ఆయనే.

నేనప్పుడు వాదించలేదు. (అవును, నేనే. మీరు నమ్మకపోవచ్చు.) ఆ ఫ్లాపీ చేతిలోకి తీసుకుని చూస్తే అది పాటలది కాదు. పేరు రాయని కొత్తది. వేరే బిళ్ళ పెట్టమంటే నేను విడిగా పెట్టినది. నీలగిరి తైలం వాసనేస్తోంది. నేను అమ్మవైపు చూశాను. అమ్మ తడి లేసు పిండుతూ పిండుతూ ఆగిపోయింది. "నువ్వు సెంటర్‌కి వెళ్ళిన రోజు మధ్యాహ్నం ముందుగదిలో చాలాసేపు పాడుకుందే. నేను కునుకు తీస్తున్నాను. ఎప్పుడూ పాడుకునేదేగా అని లేవలేదు" అంది.

అంతే. ఎవరూ లేని గదిలో, స్విచ్ కూడా వేయని కంప్యూటరు ముందు కూర్చుని, తన చావు పాట మొదటి నుంచి చివరిదాకా దానికి చెప్పి, కుచ్చెత్తి, వేరే బిళ్ళ తడుముకుని, టక్కున తోసింది. మింగింది అని కూడా అనుకుని ఉంటుంది. నేను నేర్పినంత వరకు అన్నీ సరిగ్గానే చేసింది. తెలుసు, అయినా ఆ ఫ్లాపీ తెరిచి చూశాను. ఖాళీ.

అమ్మమ్మ పోయాక పెట్టిన ఆదరణ కూడిక నాటికి పుస్తకం వచ్చింది. చివరి పేజీ ఖాళీగా వదలమని నేనే చెప్పాను. ప్రెస్సువాళ్ళు మర్చిపోయారని అందరూ అనుకున్నారు, ఒకావిడ దాని మీద ఎవరిదో అడ్రసు రాసుకోవడం కూడా చూశాను. తైలం సంగతి ఒకసారి మా ఆయనకి చెప్పాను. ఆ బిళ్ళ అడిగి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత, "అయితే నానమ్మ పెట్టిందని చెప్పాలా ఇప్పుడు? అందరూ నవ్వేది ఆవిడని చూసి" అన్నాడు. అందుకని నన్ను చూసి నవ్వేటట్టుగా చెబుతున్నాడన్నమాట, ఇన్నేళ్ళుగా. ఆ మాటకి నా దగ్గర జవాబు లేక కాదు, ఉంది, కానీ దాచుకున్నాను. అయినా ఎస్టీడీ బూతు ముక్క ఎందుకు చెప్పవయ్యా అంటే మాత్రం ఐస్‌క్రీం కరిగిపోతోందంటాడు.

మొన్న ఏసీ హాలు నుంచి ఇంటికొచ్చాక సొరుగులోంచి ఆ బిళ్ళ తీసి వాసన చూశాను. ఏమీ లేదు, ప్లాస్టిక్కే. దాన్ని పెట్టుకునే సందున్న కంప్యూటరు ఇప్పుడు మా ఇంట్లో కాదు, మా వీధిలోనే లేదు. ఫ్లాపీ ఎవరు పెట్టారని లోకానికి అనుమానం ఉంటే ఉండనీ, ఆ నింద ఇంకొన్ని నిశ్చితార్థాలు మోస్తాను. యాభై దాటినా, రాగం రాకపోయినా, వాదన తప్ప వినడం చేతకాకపోయినా, నాకు తేలవలసింది ఒక్కటే ఉంది. ఆగు వస్తదన్నావు, చెబితే ఏడుస్తావన్నావు, నీదీ ఉంది చూసుకో అన్నావు. అమ్మమ్మా, ఆ పాటలో నా పేరు పల్లవిలో పెట్టావా, చరణంలో పెట్టావా?